ఉడుము మచ్చికవుతుందా?

(డాలస్ శివారులో తెలుగు కుటుంబాల ఆదివారపు సమావేశంలో, సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యులొకరు మాట్లాడినది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఇంతమంది పిల్లలు కూర్చోవడం చూసి చాలా సంతోషంగా ఉంది. పెద్దలు కాస్త ఓపిక పట్టాలి, ఎందుకంటే ఇవాళ నేను ముఖ్యంగా పిల్లలతోనే మాట్లాడతాను. ఇంట్లో ఉడుమును పెంచుకుందామని అడిగేది వాళ్ళే కదా.

నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబం మొదట అడిగేది ఒకటే. ఉడుము మచ్చికవుతుందా? కరుస్తుందా? నన్ను గుర్తుపడుతుందా? ఒళ్ళో కూర్చుంటుందా? అందరూ స్వభావం గురించే అడుగుతారు. నేను వాళ్ళను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను. దాని బోనులో దీపం కింద ఉన్న రాయి ఎంత వేడిగా ఉంది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. స్వభావం గురించి అడిగితే డాక్టరు రాయి గురించి అడుగుతున్నారేమిటని ఆశ్చర్యపోతారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు ప్రశ్నలకూ ఉన్న సంబంధమే. సరైన వేడి, సరైన మట్టి, సరైన తిండి లేని ఉడుములో మనకు కనిపించేది దాని స్వభావం కాదు. దాని జబ్బు. ఈ మాట మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి.

అసలు విషయంలోకి వెళ్ళేముందు మన దేశం సంగతి. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి ఊళ్ళో తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు ఉన్నారు. ఈ వీడియో వాళ్ళకు పంపుతారు. అందుకే స్పష్టంగా చెబుతున్నాను. భారతదేశంలో ఉన్న ఉడుములు నాలుగు జాతులు. మన పొలాల గట్ల మీద, పుట్టల దగ్గర కనిపించే బెంగాల్ ఉడుము, నీటి ఉడుము, పసుపు ఉడుము, ఎడారి ఉడుము. నాలుగూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులితో సమానమైన రక్షణ. పట్టుకోకూడదు, పెంచకూడదు, చంపకూడదు, అమ్మకూడదు. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. పిల్ల ఉడుము దొరికింది, పాలు పట్టి పెంచుతున్నాం అని నాకు ఫోటోలు పంపేవారున్నారు. దయచేసి వద్దు. దానికి పాలు అసలు పట్టకూడదు. అటవీశాఖకు అప్పగించండి.

విదేశీ ఉడుము అయితే పెంచుకోవచ్చా అని అడుగుతారు. అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం, సైటీస్ అంటారు, దాని జాబితాల్లో ఉన్న విదేశీ జంతువు ఎవరి దగ్గర ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయాలని 2024లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఉడుము జాతులన్నీ ఆ జాబితాల్లో ఉన్నవే. సామానులో దాచి విమానంలో తెచ్చిన జంతువుకు కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆలోచించండి.

ఇంకొక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మన దగ్గర ఉడుమును మాంసం కోసం చంపుతారు, నడుం నొప్పికి మందని నూనె తీస్తారు, ఒకప్పుడు ఖంజీర వాద్యానికి దాని చర్మమే బిగించేవారు. హత్థా జోడి అనే పేరుతో పూజాసామగ్రిలో అమ్మే ఎండు వేరు ఉంది చూశారా, అదృష్టం తెస్తుందని బీరువాలో పెట్టుకుంటారు, అది వేరు కాదు. ఎండబెట్టిన మగ ఉడుము జననాంగం. 2017లో ఈ సంగతి బయటపడి పెద్ద చర్చే జరిగింది. మీ ఇళ్ళలో ఎవరైనా కొంటుంటే ఆపండి.

సరే, ఇక అమెరికా సంగతికి వద్దాం. ఇక్కడ దుకాణాల్లో మామూలుగా దొరికే ఉడుము సవానా ఉడుము. పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో పడుతుంది. ధర తక్కువ. దుకాణంలో ఏమంటారు? ఇది సాధువు, కొత్తవారికి బాగుంటుంది, నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, వారానికి రెండు ఎలుకపిల్లలు వేస్తే చాలు అంటారు. మీలో ఒకరిద్దరు తల ఊపుతున్నారు, మీరూ విన్నారన్నమాట. ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా నిజం కాదు. ఒక్కొక్కటీ చూద్దాం.

ఇది ఎక్కడిది? ఆఫ్రికాలో, సహారా ఎడారికి దక్షిణాన ఉన్న గడ్డిభూములది. వ్యాపారానికి వచ్చేవి ఎక్కువగా ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి. అక్కడ గుడ్లతో ఉన్న ఆడ ఉడుములను పట్టి గుడ్లు పెట్టిస్తారు, లేదా పొలాల్లో బొరియలు తవ్వి పిల్లలను తీస్తారు. పెంపకంలో పుట్టినవని పెట్టె మీద రాసి ఉన్నా, తల్లి మాత్రం అడవిదే. డేనియల్ బెన్నెట్ అనే పరిశోధకుడు ఘనాలో ఈ ఉడుముల వెంట తిరిగి, అవి ఎలా బతుకుతాయో చూసి రాశారు. పిల్ల ఉడుములు పెద్ద కీచురాళ్ళు తవ్విన బొరియల్లో ఉంటాయి. ఆ కీచురాళ్ళనే తింటాయి. ఇల్లూ తిండీ ఒకే చోట! పెద్దయ్యాక రోకలిబండ పురుగులు, పేడపురుగులు, తేళ్ళు, నత్తలు. అంటే దాదాపుగా అన్నీ వెన్నెముక లేనివే. అడవిలో సవానా ఉడుముకు ఎలుక దొరకడం అరుదు.

అలాంటి జంతువుకు మనం వారం వారం కొవ్వు పట్టిన తెల్ల ఎలుకలు వేస్తాం. ఏమవుతుంది? తోక మొదలు ఉబ్బుతుంది. కడుపు నేలకు ఈడ్చుకుంటుంది. కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. బాగా బలిసింది, ఆరోగ్యంగా ఉంది అని యజమాని సంబరపడతాడు. నా బల్ల మీదకు వచ్చేసరికి దానికి నాలుగు కాళ్ళ మీద లేచి నడిచే శక్తి ఉండదు. సవ్యంగా చూస్తే పదేళ్ళకు పైగా బతకగల ప్రాణి రెండు మూడేళ్ళకే పోతుంది.

ఇప్పుడు నీళ్ళ సంగతి. గడ్డిభూమి కదా, ఎండే కదా అనుకుని పొడి ఇసుక పోసి గాజు తొట్టిలో పెడతారు. ఆ ఎండలో ఉడుము రోజంతా తిరగదు కదా! ఎండ కాచుకుని, తిండి వెతుక్కుని, మిగతా సమయమంతా భూమిలోపల ఉంటుంది. ఎండాకాలమైతే నెలల తరబడి. మన ఊళ్ళో ఎండిన చెరువులో రెండడుగులు తవ్వితే ఏం తగులుతుంది? చల్లని తడి మట్టి. అదే దానికి ప్రాణాధారం. ఆ తడి గాలి పీల్చుకుంటూ ఒంట్లో నీరు కాపాడుకుంటుంది. పైన గాజు తొట్టి, తల మీద దీపం, కింద పొడి ఇసుక ఉంటే ప్రతి శ్వాసతోనూ నీరు పోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. యూరిక్ ఆమ్లం కీళ్ళలో, గుండె చుట్టూ స్ఫటికాలుగా పేరుకుంటుంది. మనుషుల్లో గౌట్ అంటారు, అదే జబ్బు. బొటనవేలు వాచిన మీ తాతగారిని అడగండి ఆ నొప్పి ఎలా ఉంటుందో. ఆయన చెప్పగలరు. ఉడుము చెప్పలేదు. అది కదలకుండా పడుకుంటుంది, అంతే.

అలా కదలకుండా పడుకున్నదాన్ని చూసి ఇంట్లోవాళ్ళు ఏమంటారు? మా ఉడుము ఎంత నెమ్మదో చూడండి, ఎత్తుకున్నా ఏమీ అనదు, భుజం మీద పెట్టుకుంటే కళ్ళు మూసుకుని నిద్రపోతుంది!

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ ప్రసంగానికి గుండెకాయ ఇదే. సరీసృపం పట్టుకున్నప్పుడు కళ్ళు మూసుకుంటే హాయిగా ఉందని కాదు, చాలాసార్లు భయం తట్టుకోలేక లోకాన్ని మూసేసుకుంటోందని. పారిపోవడానికి దారి లేదు, పోరాడటానికి ఒంట్లో వేడి లేదు, నీరు లేదు. మిగిలింది ఊరుకోవడం ఒక్కటే. దాన్ని మనం సాధుత్వం అంటున్నాం. అలాంటి ఉడుమును నేను చికిత్సకు ఉంచుకుని, నీళ్ళు ఎక్కించి, సరైన వేడిలో మట్టి మీద పెడితే, కొన్ని వారాల తరవాత యజమాని వచ్చి చూసి గాబరాపడతారు. డాక్టరుగారూ, ఇది మారిపోయింది, బుస కొడుతోంది, తోక విసురుతోంది, మీరు దీనికి ఏం చేశారు? అంటారు. నేను దానికి ప్రాణం పోశానండి. అది మీ దగ్గర మొదటిసారి ఉడుములా ప్రవర్తిస్తోంది. ఇన్నాళ్ళూ మీరు చూసింది దాని నిస్సత్తువ.

మరి ఎంత వేడి కావాలి? పిల్లలూ, ఇది రాసుకోండి. సవానా ఉడుము ఎండ కాచుకునే రాయి లేదా చెక్క పైభాగం 130 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాలి, అంటే సుమారు 55 సెల్సియస్. గాలి వేడి గురించి కాదు నేను చెప్పేది, ఆ రాయి ఉపరితలం వేడి గురించి. దుకాణాల్లో 95, 100 డిగ్రీలు చాలంటారు. చాలదు. మరో చివర మాత్రం 75, 80 మధ్య చల్లగా ఉండాలి. వేడెక్కి, చల్లబడి, మళ్ళీ వేడెక్కే వీలు దానికి ఉండాలి. యూవీబీ దీపం, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం ఉండాలి. తవ్వుకోవడానికి కనీసం రెండడుగుల లోతు మట్టి, బొరియ తవ్వితే కూలిపోకుండా నిలిచేంత తడిగా ఉండాలి. బోను ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. ఇది ఒక్క ఉడుముకు, అదీ కనీసం. అమ్మానాన్నలూ, ఇంట్లో ఆ చోటు ఎక్కడుందో ఇప్పుడే మనసులో కొలుచుకోండి. అంత మట్టి బరువు పైఅంతస్తు నేల మోస్తుందా అని కూడా చూసుకోండి.

ఇంత వేడి ఎందుకని మీకు అనుమానం రావచ్చు. ఉడుము మామూలు బల్లి కాదండి. చాలా బల్లులు పరుగెత్తుతూ ఊపిరి సరిగా పీల్చుకోలేవు. నడిపించే కండరాలూ ఊపిరితిత్తులను ఆడించే కండరాలూ ఒకటే కావడం దానికి కారణం. అందుకే అవి కాస్త పరుగెత్తి ఆగుతాయి. ఉడుము గొంతును పంపులా వాడుకుని గాలిని లోపలికి నెడుతుంది. 1999లో సవానా ఉడుముల మీదే చేసిన ప్రయోగంలో ఇది తేలింది. ఇంకా విచిత్రం, దాని ఊపిరితిత్తుల్లో చాలాచోట్ల గాలి పక్షుల్లోలాగా ఒకే దిశలో ప్రవహిస్తుందని 2013 చివర్లో శాస్త్రవేత్తలు చూపించారు. అంటే ఇది దూరాలు నడిచి, వెతికి, తవ్వి, వెంటాడి బతకడానికి తయారైన ఒళ్ళు. అలాంటి ఒంటిని మూడడుగుల గాజు తొట్టిలో గోరువెచ్చని దీపం కింద పెట్టి, నెమ్మదిగా ఉంది అని మెచ్చుకోవడం న్యాయమేనా?

సరే, ఇవన్నీ ఇచ్చాం అనుకుందాం. వేడి ఉంది, మట్టి ఉంది, తిండి ఉంది. ఇప్పుడు అడుగుదాం, దాని స్వభావం ఏమిటి?

ఆరోగ్యంగా ఉన్న ఉడుము మొదట భయస్తురాలు. పిల్లగా ఉన్నప్పుడు దాన్ని తినేవి చాలా ఉంటాయి. పై నుంచి దిగే గద్ద, మీ చెయ్యి, రెండూ దానికి ఒకటే. అందుకే పై నుంచి చెయ్యి పెట్టకండి. భయపడిన ఉడుము చెప్పకుండా కరవదు. ముందు కదలకుండా చూస్తుంది. తరవాత ఒళ్ళు పక్కలకు ఉబ్బించి పెద్దదిగా కనిపించడానికి చూస్తుంది. గొంతు ఉబ్బిస్తుంది. బుస కొడుతుంది. తోక వంచి సిద్ధంగా పెట్టుకుంటుంది, కొడితే కొరడా దెబ్బే. ఎత్తితే మీ మీద మలం విసర్జిస్తుంది. గోళ్ళతో రక్కుతుంది. ఇన్ని హెచ్చరికలూ పట్టించుకోకపోతేనే కాటు. కరిచిందంటే వదలదు, ఉడుం పట్టు అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. ఉడుములకు కింది దవడలో విషగ్రంథులు ఉన్నాయని 2006లో బ్రయాన్ ఫ్రై బృందం ప్రకటించింది. దాంతో మనిషికి ప్రాణాపాయం లేదు గానీ, గాయం ఎక్కువసేపు కారుతుంది, వాపు, నొప్పి ఉంటాయి. సబ్బుతో బాగా కడిగి వైద్యుడికి చూపించండి. కరవకపోయినా సరే, ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఇంట్లో పసిపిల్లలుంటే మరీ జాగ్రత్త.

ఇది భయపు కాటు. ఆకలి కాటు వేరు, దాన్ని కోపం అనుకోకండి. 2001లో లాస్ ఏంజెలిస్ జంతుప్రదర్శనశాలలో ఒక పత్రికా సంపాదకుణ్ణి కొమోడో ఉడుము బోనులోకి తీసుకెళ్ళారు. ఇండోనేషియాలో ఉండే, ఉడుములన్నిటిలోకీ పెద్దది అది. ఆయన వేసుకున్నవి తెల్ల బూట్లు. దానికి పెట్టే తిండి తెల్ల ఎలుకలు. పొరపడుతుందేమో, బూట్లు విప్పమన్నారు. విప్పారు. అది ఆయన పాదాన్నే పట్టుకుంది, శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. అది ఆయన మీద పగబట్టిందా? లేదు. తిండి వచ్చే దారిలో ఒక తెల్లటి వస్తువు కదిలింది, అంతే. మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. తిండి పెట్టడానికి మాత్రమే తలుపు తెరిస్తే, తలుపు తెరిచినప్పుడల్లా ఉడుము నోరు తెరుచుకునే వస్తుంది. అందుకే తిండి లేకుండా కూడా తలుపు తెరవండి. తిండిని ఒకే గుర్తుతో, ఒకే పళ్ళెంలో, ఒకే చోట పెట్టండి. జంతుప్రదర్శనశాలల్లో కొమోడోలకు ఒక కర్ర చివర రంగు గుర్తు చూపించి, దాని దగ్గరికి వస్తేనే తిండి అని నేర్పుతారు. ఇంట్లో కూడా అది చేయవచ్చు. చెయ్యి వేరు, తిండి వేరు అని దానికి తెలియాలి. చేతికి ఎలుక వాసన ఉండకూడదు.

మచ్చిక గురించి రెండు పద్ధతులు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, రోజూ గట్టిగా పట్టుకుని, అది గింజుకోవడం మానేవరకు వదలకపోవడం. అలవాటైపోతుంది అంటారు. అలవాటు కాదండి అది, ఆశ వదులుకోవడం. రెండోది, బోనులో మీరు మీ పాత చొక్కా ఒకటి వేసి, పక్కన కూర్చుని, ఏమీ చేయకుండా ఉండటం. పుస్తకం చదువుకోండి. అది బయటికి రావచ్చు, రాకపోవచ్చు. ఒకరోజు నాలుకతో మీ చెయ్యి వాసన చూస్తుంది. మరోరోజు చేతి మీదుగా నడుస్తుంది. ఎప్పుడైనా వెనక్కి తిరిగి బొరియలోకి వెళ్ళే స్వేచ్ఛ దానికి ఉండాలి. నెలలు పడుతుంది, కొన్నిటికి ఏడాది దాటుతుంది, కొన్ని ఎప్పటికీ రావు. అలా దానంతట అది వచ్చిన ఉడుము మాత్రం మిమ్మల్ని చూసి దాక్కోదు. నేను ఆశించమని చెప్పేది అంతవరకే. ప్రేమ అనే మాట నేను వాడను. కానీ నమ్మకం అనే మాట ధైర్యంగా వాడతాను.

ఎందుకంటే అలాంటి నమ్మకం సాధ్యమని వందేళ్ళ కిందటే ఒక మహిళ చూపించారు. ఆవిడ పేరు జోన్ ప్రాక్టర్. లండన్ జంతుప్రదర్శనశాలలో సరీసృపాల విభాగాధిపతి. 1920ల చివర్లో అక్కడికి రెండు కొమోడో ఉడుములు వచ్చాయి, సుంబావా, సుంబా అని పేర్లు. మనుషులను తినే భయంకర మృగాలని అప్పటి పత్రికలు రాస్తున్న రోజులు. 1928 అక్టోబరులో ఆవిడ సుంబావాను శాస్త్రవేత్తల సభకు తీసుకొచ్చారు. అందరి ముందు అది ఆవిడ చేతి నుంచి తిండి తింది. దాన్ని వెంటబెట్టుకుని ఆవిడ జంతుప్రదర్శనశాలలో తిరిగేవారు. ఇది మంత్రమా? కాదు. ఆ సరీసృపాల భవనానికి రూపకల్పన చేసింది కూడా ఆవిడే, 1927లో తెరిచారు. ఒక్కో జంతువుకు కావలసిన వేడి ఒక్కో చోట ఉండేలా విద్యుత్తుతో ఏర్పాటు, అతినీలలోహిత కిరణాలు లోపలికి వచ్చే ప్రత్యేకమైన గాజు! ఆ రోజుల్లోనే! ముందు వేడి, వెలుతురు, తిండి సరిచేశారు. తరవాత స్నేహం చేశారు. వరస గమనించండి. చిన్నప్పటి నుంచీ అనారోగ్యంతో బాధపడుతూనే ఇదంతా చేసి, 34 ఏళ్ళకే, 1931లో ఆవిడ కన్నుమూశారు. సరీసృపాల వైద్యంలో ఉన్న మేమందరం ఆవిడకు రుణపడి ఉన్నాం.

ఇంకో కొమోడో గురించి చెప్పాలి, పిల్లలకు బాగా నచ్చుతుంది. దాని పేరు క్రాకెన్. ఇండోనేషియా బయట మొట్టమొదటిసారి కొమోడో గుడ్లు పొదిగి పిల్లలైంది 1992లో, వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాల కోసం. ఆ పిల్లల్లో ఒకటి క్రాకెన్. అది తన సంరక్షకుల జేబులోంచి చేతిరుమాలు మెల్లగా లాగేది. బూటులో తల దూర్చేది. పట్టుకుని లాగులాట ఆడేది. గోర్డన్ బర్గార్ట్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని జాగ్రత్తగా పరిశీలించారు. అది తిండి అనుకుని చేస్తోందేమో? కాదు. ఎలుక రక్తం పూసిన వస్తువు ఇస్తే దాని తీరు పూర్తిగా వేరుగా ఉంది, దగ్గరికి రానివ్వదు. మామూలు వస్తువుతో మాత్రం ఆడుకుంటుంది. 2008లో ప్రచురించిన మరో అధ్యయనంలో ఎనిమిది పిల్ల ఉడుములకు, నల్ల గొంతు ఉడుములంటారు వాటిని, పారదర్శకమైన గొట్టంలో ఎలుకను పెట్టి ఇచ్చారు. తలుపు తీస్తే తప్ప అందదు. ఎవరూ నేర్పలేదు. అన్నీ పది నిమిషాల్లోపే తలుపు తీశాయి. రెండోసారి ఇంకా త్వరగా తీశాయి.

ఈ తెలివి సంతోషించాల్సిన విషయమే. కానీ పెంచేవారికి ఇది బరువు కూడా. ఆలోచించే ప్రాణికి విసుగు పుడుతుంది. విసుగు పుట్టిన ఉడుము రోజంతా గాజుకు ముక్కు రాసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంది, ముక్కు పుండైపోతుంది. నేను అలాంటి ముక్కులకు కట్లు కట్టి కట్టి ఉన్నాను. కాబట్టి తిండిని పళ్ళెంలో పోసి వెళ్ళిపోకండి. కొంత ఆకుల కింద దాచండి, కొంత మట్టిలో కలపండి, వెతుక్కోనివ్వండి.

అన్ని ఉడుములూ ఒకటి కావు. నైలు ఉడుము ఎంత బాగా చూసినా బెదురుతూనే ఉంటుంది, దాన్ని ఇంట్లో పెంచవద్దనే చెబుతాను. ఆసియా నీటి ఉడుము పెంపకంలో చాలా నిదానంగా, మనుషులను పరికించి చూస్తూ ఉంటుందని పేరు, అది నిజమే. కానీ ఆరేడు అడుగులు పెరుగుతుంది. దానికి బోను కాదు, ఒక గది కావాలి, ఈదడానికి తొట్టి కావాలి, ఆ నీళ్ళు మార్చే మనిషి కావాలి. బ్యాంకాక్‌లో లుంపినీ పార్కుకు వెళ్ళినవాళ్ళు చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. అక్కడ చెరువుగట్టున మనుషుల పక్కనే తిరుగుతుంటాయి చూశారా? ఎవరూ వాటిని ఎత్తుకుని మచ్చిక చేయలేదు. చోటుంది, తిండి ఉంది, ఎవరూ తరమడం లేదు. అంతే కావాలి వాటికి. ఇక నీలి చెట్టు ఉడుము, ఇండోనేషియాలో బతాంతా అనే ఒక్క దీవిలోనే ఉంటుంది. శాస్త్రలోకానికి 2001లో తెలిసింది, అందం చూసి పెంపకం వ్యాపారం వెంటపడింది, ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉంది. అడవి నుంచి తెచ్చినదాన్ని దయచేసి కొనకండి.

పిల్లలు గట్టిగా పట్టుబడితే, అమ్మానాన్నలు నిజంగా సిద్ధపడితే, నేను చెప్పేది ఒక్కటే. ఆస్ట్రేలియాకు చెందిన ముళ్ళతోక ఉడుము, యాకీ అంటారు. తోకతో కలిపి సుమారు రెండడుగులే ఉంటుంది. ఇక్కడ దొరికేవి పెంపకందారుల దగ్గర గుడ్డు నుంచి పుట్టినవి. చురుకైనది, ధైర్యమైనది, పగటిపూట తిరుగుతుంది, పిల్లలకు రోజంతా చూడటానికి పని కల్పిస్తుంది. దానికీ అంతే వేడి కావాలి, దానికీ తవ్వే మట్టి కావాలి. ముందు బోను కట్టండి. ఒక నెల దీపాలు వెలిగించి వేడి నిలుస్తోందో లేదో చూడండి. ఆ తరవాతే ఉడుము.

పెంచలేకపోతే ఏం చేస్తారు? దగ్గర్లోని కాలువలో వదలకండి. ఫ్లోరిడాలో కేప్ కోరల్ అనే ఊళ్ళో 1990 ప్రాంతం నుంచి నైలు ఉడుములు కాలువల వెంట స్థిరపడిపోయాయి. పెంపకం వ్యాపారం నుంచి బయటపడ్డవే అవి. నేలలో గూడు పెట్టుకునే గుడ్లగూబలున్న ఊరది. ఇప్పుడు వాటికి ఇదొక ముప్పు. చివరికి 2021లో ఫ్లోరిడా నైలు ఉడుమును నిషేధ జాబితాలో పెట్టింది. తప్పు ఉడుముదా?

ఇప్పటికే ఇంట్లో సవానా ఉడుము ఉన్నవాళ్ళు ఈ గదిలో ఉన్నారని నాకు తెలుసు. మిమ్మల్ని నిందించడానికి రాలేదు. మీకు అమ్మినవాళ్ళు చెప్పిందే మీరు చేశారు. ఇవాళ ఇంటికి వెళ్ళగానే దాని కళ్ళు చూడండి, లోపలికి గుంటలు పడ్డాయా? మలంతో వచ్చే తెల్లని భాగం మెత్తగా ఉండాల్సింది, పసుపుపచ్చగా గట్టిపడిందా? వేళ్ళ చివర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుని ఉందా? దవడ వేలితో నొక్కితే మెత్తగా వంగుతోందా? ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి, సరీసృపాలు చూసే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు దాని తాజా మలం ఒక డబ్బాలో పట్టుకెళ్ళండి, పురుగుల పరీక్షకు కావాలి. బోను ఫోటోలు తీసుకెళ్ళండి. వస్తువుల ఉపరితలం వేడిని దూరం నుంచి కొలిచే తుపాకీలాంటి థర్మామీటరు ఉంటుంది చూడండి, దానితో దీపం కింద రాయిని కొలిచి ఆ అంకె రాసుకెళ్ళండి. ఎలుకలు ఇవాళ్టి నుంచి మానేయండి. కీచురాళ్ళు, మేత కోసం పెంచి అమ్మే డూబియా బొద్దింకలు, నత్తలు మొదలుపెట్టండి. ఎలుకలకు అలవాటుపడ్డది కొన్నిరోజులు అలుగుతుంది, తినదు. ఒంట్లో కొవ్వు ఉంది కాబట్టి కంగారుపడనక్కర్లేదు, కానీ నీళ్ళు మాత్రం తాగేలా, ఒళ్ళంతా మునిగి కూర్చునేంత తొట్టి పెట్టండి. మట్టి ఒక్కరోజులో సమకూరదు, కానీ ఈ వారంలో ఒక లోతైన ప్లాస్టిక్ పెట్టె నిండా తడి మట్టి పోసి లోపల పెట్టగలరు.

కోలుకుంటున్నప్పుడు అది బుస కొడుతుంది, తోక విసురుతుంది. ఆ రోజు నాకు ఫోను చేయండి, నేను సంతోషిస్తాను. చేతిలోకి తీసుకోవడం మాత్రం అప్పటికి ఆపేయండి, పక్కన కూర్చోండి చాలు.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలు. ఆ చివర చెయ్యెత్తిన పాప, నువ్వు అడుగమ్మా.